కొత్త యార్కు

చిత్తూరులో మా ఆడపిల్లల బడిలో చరిత్ర చెప్పిన టీచరమ్మకు ఒక అలవాటు ఉండేది. పాఠంలో 'న్యూ' అని ఎక్కడ కనబడినా 'కొత్త' అని చదివేది. అమెరికాలో తెల్లవాళ్ళ తొలి వలసల పాఠమంతా కొత్త ఇంగ్లండు, కొత్త యార్కు, కొత్త జెర్సీలే. మేము నవ్వితే ఊరుకునేది కాదు.

"ఏం మే, ఓడ దిగినోళ్ళు వాళ్ళ ఊరి పేరే పెట్టుకున్నారు. మన కొత్తపల్లెలు ఎట్ల పుట్టినాయి?" అనేది.

ఒకరోజు దొరసాని వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. ఆమెది అమెరికా. బడి నడిపేది ఆమే, టీచరమ్మకు ఉద్యోగం ఇచ్చిందీ ఆమే.

నేను చంద్రగిరి పక్క కొత్తపల్లె పిల్లను. మా పాతపల్లె పొలంగట్టు అవతలే ఉండేది. అందుకే లేచి అడిగాను.

"టీచరమ్మా, పాత యార్కు యాడుండాది?"

"సముద్రం అవతల, ఇంగ్లండులో."

"అట్లయితే కొత్తది కట్టుకున్న నేల బీడా?"

పుస్తకంలో ఎవరూ లేని అడవి అనే ఉంది. టీచరమ్మ ఒకసారి దొరసాని వైపు చూసి, పుస్తకం మూసింది.

"బీడు కాదు మే. ఆడ మక్కజొన్న చేన్లుండె. చేను ఉండాదంటే పండించినోళ్ళు ఉన్నట్టే గదా."

దొరసాని లేచి గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. టీచరమ్మ ఉద్యోగం పోతుందని మేమంతా భయపడ్డాము.

మర్నాడు దొరసాని మళ్ళీ వచ్చింది. ఈసారి ముందు బెంచీలో కూర్చుంది. టీచరమ్మ గొంతు సవరించుకుని పాఠం మొదలుపెట్టింది.

"ఇంకొకరి పాతపల్లె మీద కట్టిన కొత్త యార్కు..."