ఏటిగట్టు మీద మూడో పిలుపు

అబుదాబిలో నేను పనిచేసే ఇంగ్లీషు మేడమ్‌గారి వంటింట్లో ఒక పటం ఉంది. ఏటి ఒడ్డున ఆమె సొంతూరు, చుట్టూ పొలాల్లోంచి పోయే నడకదారులు చుక్కల గీతలుగా ఉంటాయి. ఇవాళ దుమ్ము తుడుస్తుంటే, ఏటిని ఆనుకుని పోయే గీత మీద నా చెయ్యి ఆగిపోయింది. అచ్చం మన గట్టే!

నాతో పెరిగిన మన లంక పిల్లలూ, గుర్తుందా? పడవ దిగి, తడి ఇసుక పాదాలకి అంటుకుంటుంటే, రెల్లుపొదల పక్కనుంచి ఇంటికి నడిచేవాళ్ళం. మసక పడగానే మా నాయనమ్మ గొంతు తగ్గించేది.

"ఎనకనించి ఎవరైనా ఒక్కసారి పిలిత్తే పలక్కే మంగా. ఏట్లో కలిసిపోయినోళ్ళు ఒక్కసారే పిలుత్తారు. మూడోసారీ పిలిత్తేనే మనిసి."

ఆ భయం నాతోపాటు ఇక్కడిదాకా వచ్చింది. కొత్తలో మేడమ్ పిలిస్తే మూడోసారికి గానీ పలికేదాన్ని కాదు. నాకు చెవుడేమో అనుకుంది పాపం.

నేను పటం ముందు నిలబడిపోవడం చూసి మేడమ్ దగ్గరికొచ్చింది.

"చిన్నప్పుడు మా నాన్నతో నడిచిన దారి. ఇప్పటికీ ఉంది. మీ ఊళ్ళో ఉన్నాయా ఇలాంటివి?"

"ఒకటుండేది మేడమ్. ఖలాస్. ఏరు కోసేసింది."

గట్టుతోపాటు నాయనమ్మ ఇల్లూ పోయింది. కరోనా ఏడాది నాయనమ్మా పోయింది. విమానాల్లేక నేను వెళ్ళలేదు. ఆవిడ అస్థికలు ఏట్లో కలుపుతుంటే ఫోన్లో చూశాను.

మేడమ్ ఇంకా నా ఎదురుగానే ఉంది. నా వెనక పటమున్న గోడ తప్ప ఏమీ లేదు.

"మంగా!"

వెనకనుంచి, ఒక్కసారే వినిపించింది.

"ఆఁ, నాయనమ్మా" అని పలికేశాను.