ఒకే ఒక్క విదేశీ ఆటగాడు

ఇది ఒక నగరం తలెత్తుకుని నిలబడిన కథ. పన్నెండు మంది వీరులు, చుట్టూ ఐదు పట్టణాల సేనలు, నడుమ ఒక బంతి, ఒక ద్రోహం. చదివాక మీ గుండె ఉప్పొంగుతుంది.

ఉప్పొంగదు. ‘నగరం’ అన్నది లీగు వాళ్ళ ఉత్తరంలో పడిన మాట. మలేషియా ఉత్తరాన, కెడా రాష్ట్రంలోని సుంగై పెటానిని అక్కడి జనం ఇప్పటికీ టౌన్ అనే అంటారు. సేనలు ఒక్కొక్కటీ ఒక వ్యానులో పట్టేవి. రణరంగం కార్లు కడిగే షెడ్డు పక్కన, రేకుల కప్పు కింద, ఆకుపచ్చ రబ్బరు నేల. ఫుట్సాల్ అంటే అంతే. కప్పు కింద ఆడే ఫుట్‌బాల్, మైదానంలో జట్టుకు ఐదుగురు, చిన్నదీ బరువైనదీ అయిన బంతి. ద్రోహం మాత్రం నిజం. చేసింది నేనే. అది కూడా చెప్పుకోదగ్గ స్థాయిలో లేదు. టైరు షాపులో బైకుకి పంక్చరు వేయించుకుంటూ వేసిన జోకు.

అప్పటికి నేనిక్కడి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో టెస్ట్ ఇంజినీరుగా చేరి నాలుగు నెలలు. మాది గుంటూరు వైపు. ఆ షాపు యజమాని ఫోనులో ఎవరినో తెలుగులో తిడుతుంటే నేను చెవులు రిక్కించాను. నాలుగు నెలల తర్వాత విన్న తొలి తెలుగు తిట్టు. నన్ను తిట్టినా బాగుండేదనిపించింది. ఆయన పుట్టింది ఇక్కడే. వాళ్ళ తాత రబ్బరు ఎస్టేటులో గుమాస్తా. శ్రీకాకుళం దగ్గర ఏదో పల్లె నుంచి ఓడ ఎక్కాడట. ఆ పల్లె పేరు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అందుకని ఆయనకి ‘ఊరు’ అంటే ఇండియా మొత్తం.

“ఏటి బాబూ, ఊరు నుంచి వచ్చినావా? మావయ్యా అని పిలువు, అంకుల్ వద్దు లా!” అన్నారు. ఇక్కడి వాళ్ళు తమిళం మాట్లాడినా, తెలుగు మాట్లాడినా చివర్లో ఒక మలయ్ ‘లా’ తగిలిస్తారు. దానికి అర్థం లేదు, ఆప్యాయత ఉంది.

గోడ మీద, ప్లాస్టిక్ తొడుగులో ఒక ఉత్తరం వేలాడుతోంది. ఉత్తరాది పట్టణాల చిన్న ఫుట్సాల్ లీగులో ఈ ఏడు కొత్తగా సుంగై పెటాని జట్టుని చేర్చుకుంటున్నారని. దాని కోసం మావయ్య ఎన్నో ఏళ్ళు తిరిగారట. జట్టు మేనేజరు, కోచ్, వ్యాను డ్రైవరు, అన్నీ ఆయనే.

“ఊర్లో బంతాట ఆడేవోడివా?”

“రాష్ట్ర జట్టుకి ఆడాను మావయ్యా. ఇండియా జట్టు నుంచి కూడా పిలుపొచ్చింది. ఆ రోజు బట్టలు ఉతుక్కోవాల్సి వచ్చి వెళ్ళలేదు.”

మా హాస్టల్లో అయితే ఈపాటికి ఎవడో ఒకడు చెప్పు విసిరేవాడు, వ్యవహారం అక్కడితో తేలిపోయేది. మావయ్య మీద ఆ నమ్మకం పెట్టుకోవడం నా తప్పు. ఆయన రెండో వాక్యానికి పొట్ట పట్టుకుని నవ్వారు. మొదటి వాక్యాన్ని నమ్మేశారు.

నిజమేమిటంటే, కాలేజీలో మా బ్రాంచి జట్టులో నేను పదహారోవాణ్ణి. ఆడేది పదకొండు మంది. నాకు స్కోరు పుస్తకం ఇచ్చేవారు.

‘ఊరికే అన్నాను మావయ్యా’ అనడానికి రెండు క్షణాలు చాలు. ఆ రెండు క్షణాల్లో ఆయన లోపలికి కేకేశారు. “ఒసే, ఇలా రా! మన ఊరోడు దొరికినాడు. రాష్ట్రానికి ఆడినాడంట!” లోపల్నుంచి అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి, నన్ను చూసి, “ఇంత సన్నగా ఉన్నాడేటి? తినడానికేటీ దొరకట్లేదా ఇక్కడ?” అంది. ఆ మాటకి నాకు నిజంగానే ఆకలేసింది.

ఆ ఇంట్లో ఊరు నుంచి వచ్చిందేదైనా అసలు సరుకు. ఎవరో ఎప్పుడో తెచ్చిన ఇత్తడి దీపం, సీసా అడుగున ఎండిపోయిన ఆవకాయ, తర్వాత నేను. చేపల పులుసు ముక్క ముందు నా కంచంలోనే పడేది. వాళ్ళ పిల్లలకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడరు. నేను మాట్లాడుతుంటే టీవీలో వార్తలు చూసినట్టు చూసేవారు. ఒకరోజు మావయ్య “నేను సేసినాను” అంటే, “చేశాను అనాలి మావయ్యా” అని దిద్దాను కూడా. ఆయన బుద్ధిగా “సేశాను” అన్నారు. మా తాతగారి వయసుకి దగ్గరగా ఉన్న మనిషి. ఆ ముక్క గుర్తొస్తే ఇప్పటికీ దిండులో మొహం పెట్టుకుంటాను.

నమోదు ఫారం నింపిన శనివారం నేనక్కడే ఉన్నాను. పన్నెండు పేర్లు. విదేశీ ఆటగాడు జట్టుకి ఒక్కడే. ఆ గడిలో పెన్సిలుతో అప్పటికే ఒక పేరు రాసి ఉంది. మావయ్య రబ్బరు తీసి దాన్ని చెరిపి, పొట్టు ఊదేశారు.

“అదెవరి పేరు?”

“మీ ఫేక్టరీ గేటు కాడ నేపాలీ గార్డు ఉన్నాడు కదా, ఆడిది. గోలు కాస్తాడు. మంచోడే. కానీ ఊరోడు దొరికినాక ఇంకేటి?”

అప్పుడు చెప్పాలి. అంతకు ముందు చెప్పకపోవడం సరదా. అప్పుడు చెప్పకపోవడం వేరే. ఆ తేడా నాకు అప్పుడే తెలుసు. తెలిసే పెన్ను తీసుకుని, నా సంతకం కొంచెం గొప్పగా ఉండాలని కింద ఒక గీత కూడా గీశాను.

గార్డుకి ముప్పై అయిదేళ్ళుంటాయి. రోజూ పొద్దున్న నా కార్డు చూసి సెల్యూట్ కొడతాడు. మేమిద్దరం హిందీలో మాట్లాడుకునేవాళ్ళం, నాది సినిమా హిందీ, అతనిది సరిహద్దు హిందీ. సోమవారం పొద్దున్న సెల్యూట్ కొట్టి, “అభినందనలు సార్. మీరు రాష్ట్రానికి ఆడారటగా. జట్టు మేనేజరు గారు చెప్పారు” అన్నాడు. దాంట్లో వెటకారం ఏమైనా ఉందేమోనని వెతికాను. ఉంటే నాకు హాయిగా ఉండేది. లేదు.

అతను తన సెక్యూరిటీ కంపెనీ నుంచి ఆడుకోవడానికి అనుమతి ఉత్తరం ఎప్పుడో తెచ్చుకున్నాడని తర్వాత తెలిసింది. మూడుసార్లు తిరిగితే ఇచ్చారట. లీగు మ్యాచ్‌లు ఫోనులో ప్రత్యక్షంగా వస్తాయి. ఎనిమిదేళ్ళ కూతురు నేపాల్లో ఉంది. నాన్న ఆడుతుంటే ఫోనులో చూడొచ్చని దానికి మాటిచ్చాడు. ఇదంతా అతను ఫిర్యాదుగా చెప్పలేదు. వాన ఎప్పుడాగుతుందో అన్నట్టు చెప్పాడు. నేను “అలాగా” అన్నాను. నాకున్న భాషలన్నిట్లోనూ ఆ సమయానికి దొరికిన మాట అదొక్కటే.

కెడాలో శుక్ర, శనివారాలు సెలవు. శనివారం పొద్దున్న ప్రాక్టీసు. మొదటిరోజు నా దగ్గరికొచ్చిన తొలి బంతి నా కాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయింది. రెండోది నా కాలికి తగిలి కార్లు కడిగే షెడ్డులోకి పోయింది. మా కెప్టెన్ మలయ్ స్కూలు మాస్టారు. నన్ను కాసేపు పరీక్షగా చూసి, “ఇతను దిగాడు, ఇతని ఆట ఇంకా విమానంలోనే ఉన్నట్టుంది” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా మీద జోకు నాకన్నా బాగా వేశాడని కొంచెం కుళ్ళుకున్నాను కూడా.

మావయ్య మాత్రం నవ్వలేదు. “పచ్చిక మీద పెద్ద బంతితో ఆడినోడు లా! నేల కొత్త, బంతి కొత్త. కొంచెం టైమియ్యండి” అని, ఫారంలో పేరు పోయినా ప్రాక్టీసుకి వస్తున్న గార్డుని పిలిచి, “తంబీ, ఈ బాబుకి నేల అలవాటు సెయ్యి” అన్నారు.

అలా ఎవరి చోటు లాక్కున్నానో ఆ మనిషే నాకు ఆట నేర్పాడు. అరికాలితో బంతిని తొక్కిపెట్టడం, ఒళ్ళు అడ్డం పెట్టడం, తలెత్తి చూడటం. అయిదు శనివారాలు. ఓపిగ్గా, సార్ అంటూనే. ఒకసారి, “మీరక్కడ ఏ చోట ఆడేవారు సార్?” అని అడిగాడు.

“గీత అవతల” అన్నాను.

అతను నవ్వలేదు. బంతి నా వైపు దొర్లించి, “మళ్ళీ తొక్కండి” అన్నాడు.

మొదటి మ్యాచ్ మా దగ్గరే. మావయ్య రేకుల షెడ్డుకి మామిడాకులు కట్టించారు. అత్తయ్య పెద్ద డబ్బా నిండా పులిహోర తెచ్చింది. జనం నలభై మంది ఉంటారు, అందులో సగం కారు కడగడానికిచ్చి ఎదురుచూస్తున్నవాళ్ళు. పొరుగు పట్టణం వాళ్ళతో ఆట. మా గోలు కాసిన కుర్రాడు మంచివాడే గాని పొట్టి. ఇంకో అయిదు నిమిషాలు ఉన్నాయనగా స్కోరు రెండు రెండు. అప్పుడు మావయ్య నా వీపు మీద చరిచి, “ఎల్లు బాబూ, ఊరి పరువు” అన్నారు.

వెళ్ళాను. ఒక నిమిషం దాకా బంతి నా జోలికి రాలేదు, మా ఇద్దరికీ క్షేమంగా ఉంది. తర్వాత వచ్చింది. నేర్చుకున్నట్టే అరికాలు పెట్టాను. పెట్టిన కాలు బంతితోపాటు వెళ్ళిపోయింది. మిగతా నేను అక్కడే కూర్చుండిపోయాను. బంతి వాళ్ళవాడి కాళ్ళ దగ్గరికి, అక్కణ్ణుంచి మా గోలులోకి. మూడు రెండు.

లేచి, ఏం చేయాలో తెలియక, నాటకం అయిపోయినట్టు ప్రేక్షకులకి వంగి నమస్కారం పెట్టాను. బాగా నవ్వారు. నా జీవితంలో అంతమందిని ఒకేసారి నవ్వించడం అదే.

ఆ నవ్వుల్లో మావయ్య గొంతు వినబడింది. ఆయన గీత దాటి లోపలికొచ్చి రిఫరీ మీద అరుస్తున్నారు. నన్నెవరో కాలడ్డం పెట్టి పడేశారట. తాను కళ్ళారా చూశారట. నా చుట్టూ మూడు గజాల దూరంలో ఎవరూ లేరు. రిఫరీ వినీ వినీ చివరికి జేబులోంచి పసుపు కార్డు తీసి మావయ్యకి చూపించాడు. ఇన్నేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న జట్టు, మొదటి మ్యాచ్, మొదటి కార్డు మేనేజరుకి. నా కోసం.

బెంచీ చివర గార్డు కూర్చుని ఫోను ఎత్తి పట్టుకున్నాడు. లీగు వాళ్ళ ప్రసారం ఆగాగి వస్తోందని, కూతురికి తనే వీడియో కాల్లో చూపిస్తున్నాడు. నాన్న కనబడని మ్యాచ్.

సోమవారం పని కాగానే షాపుకెళ్ళాను. మావయ్య నేల మీద కూర్చుని టైరులోంచి మేకు లాగుతున్నారు.

“మావయ్యా, నేను రాష్ట్ర జట్టుకి ఆడలేదు.”

“ఊరుకో. ఒక్క గోలుకే ఇంత దిగులా?”

“అసలు ఎవరికీ ఆడలేదు. మా కాలేజీలో స్కోరు రాసేవాణ్ణి.”

ఆయన పెద్దగా నవ్వారు. “ఒసే, ఇన్నావా? స్కోరు రాసేవోడంట! ఈడి జోకులు...” నేను నోరు తెరిస్తే జోకే వస్తుందని ఆయనకి అలవాటు చేసింది నేనే. ఆ రోజు నిజం చెబుతుంటే నా మొహం కూడా జోకు చెప్పే మొహంలాగే ఉండి ఉంటుంది. ఉన్న మొహం అదొక్కటే మరి.

ఎదురుగా గచ్చు మీద కూర్చున్నాను. నవ్వకుండా, ఏ మాటకీ తోక తగిలించకుండా, మొదటి రోజు నుంచి చెప్పాను. పంక్చరు రోజు అన్నది, ఫారం రోజు తెలిసీ సంతకం పెట్టింది. చెప్పడానికి అంతసేపు పట్టలేదు, అదే ఆశ్చర్యం. మావయ్య మేకు లాగడం ఆపలేదు. అది ఊడొచ్చాక చేతిలో తిప్పి చూసి, డబ్బాలో పడేశారు.

“ఆ గార్డుకి నేనే సెప్పినాను బాబూ” అన్నారు చివరికి. “నీకన్నా మంచోడు దొరికినాడు, ఏటీ అనుకోకు అని. ఆడేటీ అనుకోలేదు. పైగా నీకు నేర్పినాడు.”

అత్తయ్య గుమ్మంలో నిలబడి అంతా విన్నట్టుంది. లోపలికెళ్ళిపోయింది. ఆ రోజు తిన్నావా అని అడగలేదు.

“నువ్వే ఎల్లి ఆడికి సెప్పు. నేను సెప్పను” అన్నారు మావయ్య.

మర్నాడు పొద్దున్న గేటు దగ్గర చెప్పాను. వెనక లారీ హారన్ కొడుతోంది. అతను చెయ్యెత్తి దాన్ని ఆపి, నేను పూర్తిచేసేదాకా విన్నాడు.

“మొదటి బంతికే తెలిసింది సార్.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“ఎవరికి సార్? మేనేజరు గారు మిమ్మల్ని చూసి అంత సంతోషంగా ఉన్నారు.” లారీ మళ్ళీ అరిచింది. అతను నా కార్డు తిరిగిచ్చాడు. సెల్యూట్ కొట్టబోయి, ఎందుకో సగంలో ఆపి, చెయ్యి దించేశాడు. దానికి అర్థమేమిటని నేను వెతకలేదు. “ఇప్పుడు పేరు మార్చనిస్తారా?” అని అడిగాడు. అతను అడిగింది అదొక్కటే.

కెప్టెన్ లీగు ఆఫీసుకి ఫోన్ చేశాడు. మూడో మ్యాచ్ లోపు జట్టుకి ఒక్క పేరు మార్చుకోవచ్చన్నారు. కొత్త ఫారం రెండు ప్రతులు, గార్డువి పాస్‌పోర్టు సైజు ఫోటోలు రెండు, గురువారం సాయంత్రం నాలుగు లోపల ఇవ్వాలి. ఫోటోల్లో వెనక నీలం రంగు ఉండాలి. తెలుపైతే తీసుకోరు.