తమాషా లేనిదే కదలని కాళ్లు

చెన్నూరు సాలెవాడ హనుమండ్లుకు ఉన్న జబ్బు ఒక్కటే: దారి చివర తమాషా లేనిదే అతని కాళ్లు కదలవు. ఉందంటే మాత్రం ఆగవు. జైపూర్‌లో కుస్తీలంటే జైపూర్‌కు, మందమర్రిలో డేరా సినిమా పడిందంటే మందమర్రికి, గోదావరి ఒడ్డున ఇద్దరు తిట్లకు దిగారంటే అక్కడికి, ధోవతి గోచీ బిగించి ఉరికేవాడు. బస్సు కోసం నిలబడే ఓపిక లేదు. "బస్సు వచ్చేదాంక నేను పోయి వస్త" అనేవాడు. ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద ఆ బస్సును ఎరిగినవారెవరూ ఈ మాటను కోతలనుకోలేదు.

మనిషికి నలభై దాటాయి. వాడలో అందరి మగ్గాలకూ ఎక్కే పడుగు నూలు సవరించడం అతని పని. తెల్లవారగానే వీధి పొడుగునా దారాలు సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతూ ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగేవాడు. ఎండ ముదిరేలోగా ఆ పని అయిపోయేది. ఆ తర్వాత హనుమండ్లు ఊళ్లో కనబడితే, ఆ రోజు చుట్టుపక్కల ఎక్కడా ఏ ఆటా లేదని అర్థం.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. సమితి ఉత్సవాల్లో మారథాన్ పెడుతున్నారన్నారు. మంచిర్యాల అవతల మొదలై చెన్నూరు బడి మైదానంలో ముగిసే ఇరవై ఆరు మైళ్ల పరుగు. ఈ వార్త వచ్చి బడి డ్రిల్లు మాస్టరు రామచంద్రం మెడకు చుట్టుకుంది. ఎందుకంటే తాసీల్దారు ఆయన్ను పిలిపించి మాట్లాడాడు.

"ఏం మాస్టరూ, మీ మైదానంల బర్రెలు తప్ప ఇంకెవలు కనబడ్తలేరు. జిన్నింగు మిల్లోళ్లు పత్తి ఆరబోసుకుంటమని అడుగుతున్రు."

"అయ్యో సార్, పిల్లలు ఏడ ఆడుతరు?"

"ఆడుతున్రా? అయితె మీ ఊరోన్ని ఒక్కన్ని గీ పందెంల ఆఖరుదాంక ఉరికించి నా ముందట నిలబెట్టుండ్రి. మైదానం మీదే. లేకుంటె పత్తిది."

రామచంద్రం కరీంనగర్ మనిషి. ఈల మెడలో వేసుకొనే నిద్రపోతాడని ప్రతీతి. ఆ మైదానాన్ని తన చేతులతో చదును చేశాడు. ఊళ్లో కుర్రాళ్లను అడిగాడు. ఇరవై ఆరు మైళ్లనగానే ఒకడికి మోకాలు పట్టేసింది, ఒకడికి పెళ్లి కుదిరింది, ఇంకొకడి మేనత్త రెండోసారి చనిపోయింది. చివరికి ఎవరో హనుమండ్లు పేరు చెప్పారు.

మొదటి రోజు మైదానంలో నిలబెట్టి మాస్టరు ఈల ఊదాడు. హనుమండ్లు కదలలేదు.

"ఉరుకు!"

"ఏడికి సారూ?"

"మైదానం చుట్టు."

"చుట్టు తిరిగి ఏడికొస్త?"

"ఇక్కడికే."

"ఇక్కడ్నే ఉన్న గద సారూ."

రామచంద్రం మళ్లీ ఈల ఊదాడు. శారీరక శిక్షణ పుస్తకాల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు.

హనుమండ్లు భార్య సక్కుబాయి ఆయన్ను ఆదుకుంది. "ఉత్తగ ఉరుకుమంటె మా ఆయినె ఎట్ల ఉరుకుతడు సారూ? భీమారంల యక్షగానం ఉన్నదని జెప్పుండ్రి. దుమ్ము గూడ కనబడది."

చెప్పాడు. దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు.

అప్పటినుంచి మాస్టరు శిక్షణ అంతా తమాషాల వేటగా మారింది. ఏ ఊళ్లో చెడుగుడు, ఎక్కడ ఒగ్గుకథ, ఎవరి జాతరలో దొమ్మరాట అని సంతలో వాకబు చేసేవాడు. తోటి పంతుళ్లు విస్తుపోయారు. పద్ధతైన మనిషి, ఇలా అయిపోయాడేమిటి అనుకున్నారు. హనుమండ్లు ముందు ఉరికేవాడు. మాస్టరు వెనుక సైకిలు తొక్కుతూ ఈల ఊదేవాడు. దారిలో ముసలమ్మలు గుండెలు బాదుకుంటూ బయటికి వచ్చేవారు.

"ఎవలన్న సచ్చిన్రా బిడ్డా?"

"లేదవ్వా, కుస్తీలు!"

"మరి ఎనుక సైకిలాయినె ఎందుకు మొత్తుకుంటుండు?"

"గాయినెకు తమాషాలంటె పానం!"

మాస్టరును నివ్వెరపరిచిన సంగతి మరొకటి ఉంది. ఎవడైనా తమాషాకు పోయేటప్పుడు ఉరుకుతాడు, వచ్చేటప్పుడు కాళ్లీడుస్తాడు. హనుమండ్లు దీనికి తలకిందులు. పోయేటప్పుడు ఉరుకుతూనే దారిలో వాళ్లనూ వీళ్లనూ పలకరించేవాడు. వచ్చేటప్పుడు బాణం. పైగా ఉరుకుతూ పెదవులు కదిలిస్తాడు, చేతులు తిప్పుతాడు, ఉన్నట్టుండి మీసం మెలేస్తాడు.

"వచ్చేటప్పుడు గంత ఆగం ఎందుకయ్యా?"

"సల్లారిపోతది సారూ."

"ఏది?"

"సూసింది."

ఇది పిచ్చి అని మాస్టరు తేల్చుకున్నాడు. అయితే ఆ పెదవుల కదలిక ఏదో ఊపిరి నియమమని ఆయనకు గట్టి అనుమానం. మర్నాటినుంచి బడిపిల్లలు కూడా గొణుక్కుంటూ, మీసాలు లేని చోట మెలేస్తూ పరుగెత్తారు. హెడ్మాస్టరు కిటికీలోంచి చూసి కొయ్యబారిపోయాడు.

పందెం రోజు వచ్చింది. ఎక్కడెక్కడి కుర్రాళ్లో బూట్లతో, బనియన్లతో దిగారు. హనుమండ్లు ధోవతితో దిగాడు. "చెన్నూరు మైదానంల పెద్ద తమాషా ఉన్నది" అని మాస్టరు ముందే నూరిపోశాడు. జైపూర్ దాకా అంతా బాగానే సాగింది. హనుమండ్లు ముందున్నాడు. సైకిలు మీద మాస్టరు ఆనందంతో ఈల మింగబోయాడు.

భీమారంలో రోడ్డు పక్కన చెడుగుడు ఆడుతున్నారు. హనుమండ్లు ఆగిపోయాడు.

రామచంద్రం సైకిలు పడేసి ఉరికాడు. "హనుమండ్లూ! నీ కాళ్లు మొక్కుత! ఉరుకు!"

"జర ఆగు సారూ. ఒక్కడే మిగిలిండు గటు దిక్కు. బక్క పోరడు. సూడు, సూడు!"

"మైదానం పోతది! పత్తి ఆరబోస్తరు!"

"ఆడు కూత ఇడుస్తలేడు సారూ!"

బూట్ల కుర్రాళ్లు ఒక్కొక్కరే దాటిపోయారు. మాస్టరు రోడ్డు మీద చతికిలబడి తల పట్టుకున్నాడు. బక్క పోరడు గీత ముట్టేదాకా హనుమండ్లు కదలలేదు. ముట్టగానే, "అబ్బ! గెల్సిండు!" అని ఒక కేక పెట్టి లంఘించాడు. ఇక అతన్ని సైకిలు అందుకోలేకపోయింది. ఎండకు బూట్ల కుర్రాళ్లు చెట్టుకొకరుగా కూలబడి ఉన్నారు. హనుమండ్లు గొణుక్కుంటూ, మీసం మెలేస్తూ వాళ్లను దాటాడు.

మైదానంలో తాసీల్దారు, గుమాస్తా, పూలదండ సిద్ధంగా ఉన్నారు. జనం మాత్రం పలచగా ఉన్నారు. హనుమండ్లు వచ్చాడు, తాడు తెంపాడు, బల్ల దాటాడు, దండ దాటాడు, మైదానం కూడా దాటి అవతలి గేటులోంచి వెళ్లిపోయాడు.

తాసీల్దారు కళ్లు తేలేశాడు. "ఎవడయ్య వాడు? దొంగనా?"

వెనుకే వచ్చిన రామచంద్రం, "కాదు సార్, మా ఊరోడే!" అని ఒగర్చాడు.

"నా ముందట నిలబడాలె అన్న గద మాస్టరూ! నేను జీపెక్కేలోపల తీసుకరా. లేకుంటె లెక్కలకు రాడు."

మాస్టరు సాలెవాడకు పడుతూ లేస్తూ పోయాడు. వీధి మలుపు తిరిగి ఆగిపోయాడు.

ఇళ్లన్నిటి తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. లోపల మగ్గాలు ఆడుతున్నాయి. నడివీధిలో హనుమండ్లు ఒంటికాలి మీద ఎగురుతూ బక్క పోరడి కూత కూస్తున్నాడు. నేసేవాళ్లు పడుగులోంచి అటూ ఇటూ నాడె విసురుతూనే మెడలు సాచి వింటున్నారు. లింగవ్వ అనే ముసలమ్మ గడపలో నూలు కండెలు చుడుతూ అడ్డుప్రశ్నలు వేస్తోంది.

"ఎడమకాలు పట్టిన్రా, కుడికాలా?"

"ఎడమది, లింగవ్వా."

"మొన్న కుస్తీల గూడ ఎడమదే అన్నవ్. సరిగ్గ జెప్పు!"

సాలెవాడలో ఎవరూ ఏ తమాషాకూ పోయింది లేదు. పొద్దున మగ్గం గుంటలో పెట్టిన కాలు దీపాల వేళకు గానీ బయటికి రాదు. అప్పటికి నడుము నిలబడదు, ఇక మందమర్రి ఎవరు పోతారు? వాడ మొత్తంలో పగటిపూట ఖాళీ అయ్యేది హనుమండ్లు ఒక్కడే. కనుక అందరి బదులు అతను చూసి వచ్చేవాడు. మరిచిపోకముందే చేరాలని ఉరికేవాడు. దారి పొడుగునా వల్లె వేసుకునేవాడు.

మాస్టరుకు జీపు గుర్తొచ్చింది. హనుమండ్లు చెయ్యి పట్టి లాగాడు. "నడువయ్యా! ఒక్కసారి తాసీల్దారు ముందట నిలబడు!"

"కత నడిమిట్ల ఉన్నది సారూ."

"కత నడిమిట్ల ఇడ్సిపెట్టి పోతె కాళ్లిరగ్గొడ్త!" అంది లింగవ్వ.

"అవ్వా, పోకపోతె పిల్లల మైదానం పత్తి పాలైతది!"

లింగవ్వ కండె పక్కన పెట్టింది. మాస్టరు ముఖం చూసింది. ఎదురింటి వైపు తిరిగి కేకేసింది. "ఓ ముత్తయ్యా, ఓ కమలవ్వా! లెవ్వుండ్రి! కత మైదానంల వింటం. గడియసేపు నెయ్యకుంటె మగ్గం ఉరికిపోతదా?"

మగ్గాలు ఆగాయి. సాలెవాడలో పట్టపగలు ఆ నిశ్శబ్దం విని కుక్కలు కూడా బెదిరి లేచాయి. హనుమండ్లు జనం వైపు ముఖం పెట్టి, వెనక్కి నడుస్తూ, కథ చెబుతూ ముందు సాగాడు. అతని వెంట వాడకు వాడే కదిలింది.

తాసీల్దారు ఒక కాలు జీపులో పెట్టి, వస్తున్న గుంపును చూసి దడుచుకున్నాడు. తనమీదికే వస్తున్నారనుకున్నాడు. వాళ్లు ఆయన్ను పట్టించుకోలేదు. మైదానం నిండా కూర్చున్నారు. హనుమండ్లు బక్క పోరడిలా ఊపిరి బిగబట్టి నేలమీద పాకుతున్నాడు. తాసీల్దారు రెండో కాలు జీపులో పెట్టడం మరిచిపోయాడు.

గుమాస్తా కాగితం పట్టుకొని ముందుకు వచ్చాడు. "ఏయ్, ఇటు రా! పేరు జెప్పు, ఏలిముద్ర..."

"ఆగవయ్య!" అని తాసీల్దారు కసిరాడు. "పోరడు గీత ముట్టిండో లేదో తెల్వద్దా? వచ్చిండు, నా ముందటనే ఉన్నడు. మైదానం బడిదే అని రాసుకొని మూలకు కూసో."

పోరడు గీత ముట్టాడు. మైదానం ఈలలతో దద్దరిల్లింది. హనుమండ్లు చెమట తుడుచుకొని కథలోకి ఇంకో మనిషిని దించాడు. లేని సైకిలు పడేశాడు. రెండు చేతులూ జోడించాడు. గొంతు సన్నగా చేసి, "హనుమండ్లూ, నీ కాళ్లు మొక్కుత! పత్తి ఆరబోస్తరు!" అంటూ దుమ్ములో చతికిలబడి తల పట్టుకున్నాడు.

తాసీల్దారు జీపు తలుపు పట్టుకొని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. రామచంద్రం చెవులదాకా ఎర్రబడి లేచాడు. "అబద్ధం! నేను గట్ల ఏడ్వలే!"

లింగవ్వ ఆయన చొక్కా పట్టి కిందికి లాగింది. "నువ్వు కూసో సారూ! ఆయినె కండ్లార సూసచ్చిండు. నీకేమెర్క?"