రెండోసారి దిగిన కత్తి

బైండింగ్ షాపులో ఆమెను అందరూ మడతలక్క అనేవాళ్ళు. బల్లంత కాగితాన్ని పదహారు పేజీలుగా మడిచి, నున్నటి చెక్కముక్కతో ఒక్క రుద్దు రుద్దిందంటే ఆ మడత ఇక ఎదురు తిరిగేది కాదు. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. చేతులు అంత గట్టివైనా మనిషి మాత్రం ఉత్త పిరికిది. తన నీడని చూసి తనే జడుసుకునే రకమని బస్సు డ్రైవరైన మొగుడు ఏడిపించేవాడు. ఆమె కూడా నవ్వి ఊరుకునేది.

ఆమె బల్లకు నాలుగడుగుల దూరంలో కటింగ్ మిషను. దాన్ని నడిపే పెద్దాయన్ని ఆమె బాబాయ్ అని పిలిచేది. చుట్టరికం ఏమీ లేదు, చేరిన కొత్తలో పని నేర్పింది ఆయనే. ఒక మధ్యాహ్నం బాబాయ్ నోటుపుస్తకాల దొంతర కత్తి కింద సర్ది, రెండు చేతులతో రెండు బటన్లూ నొక్కాడు. రెండూ ఒకేసారి నొక్కితేనే కత్తి దిగాలి. కత్తి దిగింది, లేచింది. దొంతర తియ్యడానికి ఆయన చెయ్యి లోపలికి పెట్టాడు. బటన్ల మీద ఎవరి చెయ్యీ లేదు. కత్తి మళ్ళీ దిగింది.

కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి.

అరుపు విని అందరూ పరిగెత్తుకొచ్చారు గానీ కళ్ళారా చూసింది ఆమె ఒక్కతే. మర్నాడు యజమాని ఆమెను లోపలికి పిలిచి, టైపు కొట్టించిన కాగితం ముందు పెట్టాడు. పని తొందరగా అవుతుందని బాబాయే ఒక బటనుకి టేపు అంటించి, అజాగ్రత్తగా చెయ్యి పెట్టాడని అందులో ఉంది. చూసినవాళ్ళు సంతకం పెట్టాలన్నాడు. పెట్టకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, ఆమే ఊహించుకుంది. పెన్ను అందుకుని పెట్టేసింది.

వారం తిరక్కుండా ఆమె కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. మడతలు వంకర పోయేవి. డాక్టరు నరాలన్నీ పరీక్షించి ఏ జబ్బూ లేదన్నాడు. ఈలోపు మిషను మీదికి కొత్తమ్మాయి వచ్చింది. ఇరవై దాటి ఉండవు, పని చేస్తూ కూనిరాగాలు తీసే పిల్ల. ఆ పిల్ల చెయ్యి కత్తి కిందికి వెళ్ళిన ప్రతిసారీ మడతలక్క ఊపిరి బిగబట్టేది. చెయ్యి బయటికొచ్చాకే వదిలేది. రోజుకి కొన్ని వందలసార్లు అలా చచ్చి బతికేది. నోరు మాత్రం విప్పేది కాదు. తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని మడతలు పెట్టుకునేది.

మడతలక్క అన్నయ్య కూతురు ఆమె ఇంట్లోనే ఉండి, టైర్ల షాపు మీది గదిలో డాన్స్ నేర్పేది. అత్త అన్నం తింటూ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకోవడం ఆ పిల్ల కంట పడింది. ఆదివారం తనతో రమ్మంది. నలభై ఆరేళ్ళ వయసులో గంతులేమిటని మడతలక్క బిక్కచచ్చిపోయింది. గంతులుండవు, కాళ్ళు కదపక్కర్లేదు, చేతులు చాలంది మేనకోడలు. ఆ డాన్సుని టటింగ్ అంటారట.

గది నిండా పదీ పన్నెండేళ్ళ పిల్లలు, ఎదురుగా గోడంత అద్దం. ఆమె చివరి వరసలో, తలుపు పక్కన నిలబడింది.

"ఇందులో గుండ్రాలు లేవత్తా, అన్నీ మూలలే. మూలమట్టం పెట్టి చూసినా తేడా రాకూడదు," అంది మేనకోడలు.

వేళ్ళు నాలుగూ అతికించినట్టు కలిపి ఉంచాలి. మణికట్టు దగ్గర ఒక మూల, మోచెయ్యి దగ్గర ఒక మూల. ఒక ముంజెయ్యి పడుకుంటే రెండోది నిలబడాలి. ఒకటి కదిలి ఆగాకే రెండోది కదలాలి. రెండు చేతుల మధ్యా పెట్టె కట్టడం మొదటి పాఠం. చూస్తే ఇంతేనా అనిపించింది. అద్దంలో మాత్రం పిల్లల పెట్టెలన్నీ నిలబడ్డాయి, ఆమెది ఒక్కటే గాలికి ఊగే తలుపులా కొట్టుకుంది. ముందున్న పిల్ల వెనక్కి తిరిగి చూసేసరికి ఆమె చెయ్యి చంకలో దాచుకుంది. అయినా వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళింది. ఎందుకంటే ఆ గంటసేపూ మూలలు తప్ప ఇంకేదీ తలకెక్కేది కాదు.

ఐదో ఆదివారం మేనకోడలు అందరినీ వరసగా ఏదో ఒక ఆకారం చేసి చూపించమంది. ఒకరు కిటికీ కట్టారు, ఒకరు మెట్లు కట్టారు. ఆమె వంతు వచ్చింది. ముందుగా ఏమీ అనుకోలేదు. ఎడమ ముంజెయ్యి బల్లలా అడ్డంగా పడుకుంది. కుడిది దాని మీదికి నిటారుగా దిగింది, లేచింది, ఆగింది. మళ్ళీ దిగింది.

ఆమె అక్కడే కూలబడింది. పిల్లల్ని పంపించేసి మేనకోడలు పక్కన కూర్చుంది. అప్పుడు బయటికొచ్చింది మొత్తం కథ, టేపు లేదన్నది, సంతకం పెట్టింది, అన్నీ. విన్నదంతా విని ఆ పిల్ల ఒక్కటే అడిగింది.

"కొత్తగా చేరిన ఆ అమ్మాయికి ఈ సంగతి తెలుసా అత్తా?"

ఇంటికెళ్ళి మొగుడితో చెబితే ఆయన మొహం పాలిపోయింది. మానిన పుండు రేపడం ఎందుకు, సంతకం పెట్టినదానివి నువ్వే, రేపు నిన్నే పట్టుకుంటారన్నాడు. ఆయన మాటలో తప్పేమీ కనిపించలేదు ఆమెకు. అందుకే ఇంకా భయం వేసింది.

ప్రమాదం గురించి విచారించడానికి ఫ్యాక్టరీల తనిఖీ అధికారి ఆ గురువారం వచ్చాడు. యజమాని ఆయన్ని మిషను చుట్టూ తిప్పి, కాగితం చూపించి, టీ తెప్పించాడు. అధికారి ఫైలు మూస్తుండగా మడతలక్క బల్ల దగ్గర నుంచి లేచింది. ఎదురుగా నిలబడింది గానీ నాలుక పిడచకట్టుకుపోయింది. యజమాని ఏంటమ్మా అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనం విన్నాక ఆమెకి ఇక మాట రాదని తెలిసిపోయింది. ఎడమ ముంజెయ్యి అడ్డంగా పెట్టింది. కుడిది దించింది, ఎత్తింది. రెండు అరచేతులూ విప్పి ఖాళీగా చూపించింది. మళ్ళీ ఎడమది అడ్డం పెట్టి కుడిది దించింది. అంతసేపూ ఆ చెయ్యి వణుకుతూనే ఉంది.

"బటన్లు వదిలేశాక కూడా దిగిందా?" అన్నాడు అధికారి.

ఆమె తల ఊపింది.

ఆయన కత్తి కింద ఏమీ పెట్టకుండా మిషను నడిపించమన్నాడు. కొత్తమ్మాయి బటన్లు నొక్కి వదుల్తోంది. పదిసార్లు, ఇరవైసార్లు కత్తి బుద్ధిగా దిగి లేచింది. ముప్ఫై దాటేసరికి యజమాని గడియారం చూసుకున్నాడు. దిగకపోతే తన గతేమిటని మడతలక్కకి చెమటలు పట్టాయి. దిగితే చూడలేనని కూడా తెలుసు. నలభై మూడోసారి కత్తి లేచింది, అమ్మాయి చేతులు వెనక్కి తీసుకుంది, కత్తి దానంతట అదే మళ్ళీ దిగింది. కొత్తమ్మాయి తన రెండు చేతులూ కడుపుకి అదుముకుని నిలబడిపోయింది.

మెకానిక్ విప్పి చూస్తే బ్రేకు ఎప్పుడో అరిగిపోయి ఉంది. మిషనుకి సీలు వేశారు. మడతలక్క పాత కాగితం అబద్ధమని రాసి మళ్ళీ సంతకం పెట్టింది. యజమాని ఆమెను పన్లోంచి తియ్యలేదు గానీ, కిటికీ దగ్గరున్న ఆమె బల్లని గోదాములోకి మార్పించేశాడు. పలకరించడం మానేశాడు. ఏ రోజు పొమ్మంటాడోనన్న దడ ఆమెకి ఇప్పటికీ ఉంది.

ఆ శనివారం బాబాయ్ ఇంటికి వెళ్ళింది. పిన్ని తలుపు సగమే తీసి, చాలాసేపు అలాగే చూసి, తప్పుకుంది. బాబాయ్ మంచం మీద కూర్చుని ఎడమచేత్తో పేపరు పేజీ తిప్పడానికి తంటాలు పడుతున్నాడు. తను చూసింది, దాచింది, ఇప్పుడు చెప్పింది అంతా నేల చూపులు చూస్తూ ఏకరువు పెట్టింది. తిట్టినా పడదామనే వచ్చింది.

ఆయన పేపరు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"టేపు నేనే అంటించానేమో, మర్చిపోయానేమో అనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ," అన్నాడు చివరికి. "నా బుర్ర మీదే నాకు నమ్మకం పోయింది."

ఆమె ఆయన పక్కన కూర్చుని పేపరు పేజీ తిప్పి పట్టుకుంది.