డ్యూటీకి వచ్చే నెయ్యి పెట్టె

ఆ రోజుల్లో నాకు మనుషుల మీద కన్నా మెషీన్ల మీద నమ్మకం ఎక్కువ. (ఇప్పుడు రెండింటి మీదా అంతంత మాత్రమే, అది వేరే సంగతి.) శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి ఇవతల, తుక్కుగూడలో ఒక సూపర్‌మార్కెట్ గోదాములో కొత్త ఉద్యోగం. బడంగ్‌పేట్ కిరాయి గది నుంచి బండి మీద వెళ్లొచ్చేవాణ్ని. సరుకు పెట్టెలకి రేడియో స్టిక్కర్లు అంటిస్తే, తలుపుకి రెండు పక్కలా నిలబెట్టిన స్తంభాలు వాటిని పసిగట్టి, ఏది లోపలికొచ్చిందో ఏది బయటికెళ్లిందో కంప్యూటర్‌కి చెబుతాయి. ఈ భాగోతం సవ్యంగా నడిపించడం నా పని. మొదటి రోజే అందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసం దంచాను. "ఈ స్టిక్కర్ ఉన్న వస్తువు ఇక పోదు. పోయినా దొరికిపోతుంది!" స్టిక్కర్లు అంటించే మంఖాల్ అక్క (ఊరి పేరే ఆవిడ పేరైపోయింది) ఒక్కతే శ్రద్ధగా వింది. మిగతావాళ్లు టీ ఎప్పుడొస్తుందా అని చూశారు.

నెల తిరక్కుండానే ఒక నెయ్యి పెట్టె నా ప్రాణం తోడెయ్యడం మొదలుపెట్టింది. కంప్యూటర్ ప్రకారం అది రోజూ సాయంత్రం ఆరింటికి బయటికి వెళ్లిపోయేది, పొద్దున తొమ్మిదింటికి లోపలికొచ్చేది. ఆదివారం సెలవు కూడా తీసుకునేది! అరల్లో చూస్తే నిజంగానే ఒక పెట్టె తక్కువ. ఖర్మ! వైర్లు మార్చాను. మెషీన్ అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే "రీస్టార్ట్ చేయండి సార్" అన్నారు. చేశాను. మర్నాడు నెయ్యి టంచనుగా డ్యూటీకి వచ్చింది. మా మేనేజరుగారు రాజమండ్రి మనిషి, చంపినా మర్యాదగానే చంపుతారు. "నెయ్యికి కాళ్లు లేవు కదండీ? ఎవరో తీసుకెళ్లి, భయపడి తెచ్చి ఇక్కడే ఎక్కడో దాస్తున్నారు. ఎవరంటారు?" అన్నారు. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆయన బల్ల మీదే ఉంది. "మెషీన్ అబద్ధం చెప్పదు సార్. నెయ్యి దగ్గరుండేది మంఖాల్ అక్కే" అనేశాను. సిగ్గు లేకుండా అనేశాను.

ఆ సాయంత్రం నాచేత ఆ మాటే అందరి ముందూ మళ్లీ అనిపించి, ఆవిడ సంచీని బోర్లించారు. టిఫిన్ డబ్బా, దువ్వెన, దవాఖాన చీటీ. "రేపట్నుంచి రానక్కర్లేదమ్మా" అన్నారు మేనేజరుగారు.

"గిదేంది సారూ! షేర్ ఆటోల పోయేదాన్ని, పెట్టెడు నెయ్యి ఎట్ల ఎత్కపోత? జర నన్ను గా తలుపులకెళ్లి నడిపియ్యుండ్రి, జూద్దురు!" అని మొత్తుకుంది అక్క.

నడిచింది. స్తంభాలు కిక్కురుమనలేదు. ఒక్కొక్కరే అందరూ నడిచారు. చప్పుడు లేదు. నాకు చిరాకు నషాళానికంటింది. "దీని మొహం మండ, అసలు పనిచేస్తోందా!" అంటూ హెల్మెట్ చంకన పెట్టుకుని నేనే దాటాను. కుయ్యిమంది! తెర మీద: నెయ్యి, ఒక పెట్టె, బయటికి. వెనక్కొచ్చాను. నెయ్యి లోపలికి.

హెల్మెట్ లోపలి మెత్త కింద ఉంది స్టిక్కర్. "గా స్టిక్కర్ నేనే పెట్టిన," అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ. "రోజూ హెల్మెట్ యాడనో ఇడిశిపెట్టి పరేషాన్ అయితవ్. గది ఉంటె ఏదీ పోదని నువ్వే జెప్పినవ్ గద. పలిగిన నెయ్యి పెట్టెది, పారేస్తుంటె తీసిన." ఆ పగిలిన పెట్టెని కంప్యూటర్ లెక్కలోంచి తీసేయాల్సింది నేను. మర్చిపోయాను. (ఇంకెవరు మర్చిపోతారు!)

గోదామంతా పడీ పడీ నవ్వింది. మేనేజరుగారు "పొరపాటైందమ్మా, రేపు వచ్చేయండి" అన్నారు. నేను మాత్రం పరువు కాపాడుకోవాలని "ఏం చేస్తాం అక్కా, మెషీన్ అలా చెప్పింది" అని గొణిగాను.

ఆవిడ సంచీ సర్దుకుంటూ, "మిషన్ నెయ్యి పోయిందన్నది సారూ. దొంగ నేనన్నది నువ్వు" అంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి "తప్పు నాదే అక్కా" అన్నాను, ఎవరూ లేకుండా చూసి. తల ఎత్తకుండానే, "నిన్న అందరి ముంగట అన్నవ్. అందరి ముంగట జెప్పు" అంది. అందరినీ పిలిచాను, చెప్పాను. సరిగ్గా అప్పుడే ఓ విమానం నెత్తి మీదుగా పోయింది. "ఇనవడలే, మళ్ల జెప్పు" అంది. గొంతు చించుకుని మళ్లీ చెప్పాను. చెవులదాకా ఎర్రబడి అరుస్తున్న ఆ కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆవిడకి మొదటిసారే వినబడిందని వాడికి తెలీదు పాపం.