గోడ సారు మీద అరగుండు నిరసన

ఆ రోజుల్లో మాకు కోపమొస్తే దాన్ని ఏం చేసుకోవాలో తెలిసేది కాదు. ఇప్పటి పిల్లలకు ఆ ఇబ్బంది లేదు. ఫోన్ తీసి నాలుగు మాటలు రాసి పడేస్తే కోపం అక్కడితో చల్లారిపోతుంది. మేము మాత్రం కోపాన్ని మోసుకుంటూ టీ కొట్టుకు వెళ్లేవాళ్లం. అక్కడ అది మరో నలుగురి కోపంతో కలిసిపోయేది. చివరికి ఎవరి కోపం ఎవరి మీదో తెలియకుండా ఇళ్లకు చేరేవాళ్లం. నేను అప్పుడు తిరుపతిలో ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్ని. (ఇంట్లో విలేకరినని చెప్పుకునేవాణ్ని. ఆఫీసులో మాత్రం ఎవరూ అలా పిలిచేవారు కాదు.) రోజూ ధర్నాలు, రాస్తారోకోలు చూసీ చూసీ, లోకంలో ఏ సమస్యకైనా ఒక నిరసన, ఒక ఫోటో, మూడు పేరాల వార్త ఉంటే చాలని నమ్మేవాణ్ని. ఆ నమ్మకం మా ఫుట్‌బాల్ క్లబ్బు దగ్గర బోర్లా పడింది.

తిరుపతిలో ఫుట్‌బాలా అని మీరు అడగవచ్చు. తిరుపతి వాళ్లే అడిగేవారు. ఊరంతా క్రికెట్ ఆడుతుంటే మా పేట మాత్రం ఎందుకో ఫుట్‌బాల్‌ను పట్టుకుని వదల్లేదు. మా మట్టి గ్రౌండులో ఒక మూల యాత్రికుల బస్సులు ఆగేవి. అటు వైపు కార్నర్ కిక్ కొట్టాలంటే ముందు డ్రైవరును నిద్రలేపి బండి తీయించాలి. క్లబ్బుకు మేనేజరూ, కోచ్, బంతికి గాలి కొట్టే మనిషీ ఒక్కరే. రిటైరైన డ్రిల్లు మాస్టారు. మా నాయన కుర్రాడుగా ఉన్నప్పుడు కూడా ఆయనే మేనేజరట. ఆయన వినకుండా మేము గోడ సారు అనేవాళ్లం. ఎందుకంటే ఆట గురించి ఆయనకున్నది ఒకటే ఆలోచన: మనం గోల్ కొట్టకపోయినా ఫరవాలేదు, అవతలివాళ్లు కొట్టకూడదు. విజిల్ మోగగానే మావాళ్లంతా మా గోల్‌పోస్టు ముందు బారులు తీరి, సర్వదర్శనం క్యూలో నిలబడ్డట్టు నిలబడిపోయేవారు. ఓడితే ఏడవచ్చు, గెలిస్తే అరవచ్చు. సున్నా సున్నాతో ముగిస్తే చూసేవాడు ఏం చేయాలి? వేరుశనక్కాయలు తినేసి, పొట్టు దులుపుకుని ఇంటికి వెళ్లిపోయేవాళ్లం.

ఇన్నేళ్లూ భరించినవాళ్లం ఆ వారమే ఎందుకు తిరగబడ్డామంటే, బుల్లెట్ కోసం. బుల్లెట్ మా టీములో అందరికన్నా వేగంగా పరిగెత్తేవాడు. నగరిలో మరమగ్గాలు నడిపే కుటుంబం వాళ్లది. ఆదివారం చిత్తూరు టీముతో మ్యాచ్ ఉంది. దాన్ని చూడటానికి స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకు ఆటగాళ్లను ఎంపిక చేసే పెద్దమనుషులు వస్తున్నారు. వయసు దాటిపోతోంది కాబట్టి బుల్లెట్‌కు అదే ఆఖరి అవకాశం. కాకుంటే మగ్గం దగ్గరికి వచ్చి కూర్చోమని వాళ్ల నాయన కచ్చితంగా చెప్పేశాడు. అలాంటివాణ్ని గోడ సారు వెనకాల, గోల్‌పోస్టు పక్కన, బ్యాక్‌గా పెట్టారు. ముందుండి గోల్ కొట్టకపోతే ఆ పెద్దమనుషుల కళ్లకు ఎట్లా ఆనుతాడు? సారును అడగరా అంటే బుల్లెట్ మాకే దండం పెట్టేశాడు. "నా పేరు మాత్రం యాడా ఎత్తొద్దండి. సారుకు కోపమొస్తే ఆ వెనకాల గూడా లేకుండా బెంచీ మీద కూచోబెడతాడు" అన్నాడు. కాబట్టి మా ముందున్న పని ఇది: ఆదివారంలోగా బుల్లెట్‌ను ముందుకు తేవాలి, బుల్లెట్ పేరు ఎత్తకూడదు. అంటే సారే దిగిపోవాలి. (ఈ లెక్క మాకు అప్పుడు చాలా సబబుగా తోచింది.)

టీ కొట్టు దగ్గర సమావేశమయ్యాం. పేటలోని అభిమానులంతా వచ్చారు. మాట్లాడింది మాత్రం ముగ్గురం: నేను, లా చదువుతూ ఎప్పటికీ పూర్తిచేయని లాయరు, టీము బనియన్లు కుట్టే టైలరు గారి కొడుకు కత్తెర.

"మొగం మీదే సెప్పేద్దామబ్బా, దిగిపోండి సార్ అని" అన్నాడు లాయరు.

"సెప్పు పో. ఆడే ఉండాడు గ్రౌండులో" అన్నాడు కత్తెర.

లాయరు చొక్కా సరిచేసుకుని వెళ్లాడు. కాసేపటికి చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు.

"ఏమైందిరా?"

"బంతికి గాలి కొట్టమన్నాడు. కొట్టొచ్చినా."

అప్పుడు మాకు అర్థమైంది, ఆయన ముందు మాలో ఎవరికీ నోరు పెగలదని. అందరం ఆయన దగ్గర విజిల్ దెబ్బకు లేచి, విజిల్ దెబ్బకు కూర్చున్నవాళ్లమే. నోటితో పనిలేని నిరసన కావాలి. ఇక్కడ నా పత్రికా పాండిత్యం పనికొచ్చింది. ఉద్యోగులు సమ్మె చేస్తే సగం తల గొరిగించుకుని రోడ్డు మీద కూర్చుంటారు కదా, ఆ అరగుండు నిరసన మనమూ చేద్దామన్నాను. మాట అక్కర్లేదు, మైకు అక్కర్లేదు. సగం తల చూస్తే పసిపిల్లాడికైనా తెలుస్తుంది ఏదో గొడవ ఉందని. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు మత్తులో, ఆ తలల్లో నాదీ ఒకటన్న సంగతి కొంత ఆలస్యంగా తట్టింది.

పేట సెలూన్ అన్న మమ్మల్నందరినీ చూసి మొదట సంతోషించాడు. అరగుండు అనగానే కత్తి కింద పెట్టేశాడు.

"అరగుండా? నా చేత్తో కాదప్పా."

"ఎందుకు కాదన్నా?"

"ఇది తిరుపతి. కొండ ఎదురుగా కూచోబెట్టి సగం గొరిగి పంపిస్తే స్వామి ఊరుకుంటాడా? మొక్కు మధ్యలో వదిలేసినట్టు ఉంటాది. నాకు ఆడపిల్లలుండారు."

"ఇది మొక్కు కాదన్నా, నిరసన!"

"మీకు నిరసన. ఆయప్పకు పైనుంచి జూస్తే ఎట్ల తెలస్తాది?"

లాయరు బతిమాలి బతిమాలి చివరికి ఎట్లాగో కత్తి పట్టించాడు. మొదటగా కూర్చున్నది నేనే. సగం అయ్యాక ఆపమని నేను చెయ్యి అడ్డం పెట్టేలోపే అన్న కళ్లు మూసుకుని గోవిందా అని మిగతా సగం కూడా లాగేశాడు. నాయకుడికే పూర్తి గుండు అయ్యాక మిగతావాళ్లు మాత్రం ఏం చేస్తారు? వరసగా కూర్చున్నారు. కత్తెర కూడా కూర్చున్నాడు. వద్దురా, మీ ఇంట్లో ఏమంటారో అంటే, "బుల్లెట్ నాకు మాత్రం దోస్తు కాడా?" అని నమాజు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

బయటికొచ్చి ఊరేగింపుగా నడిచాం. ఇంకే ఊళ్లోనైనా ఇన్ని గుండ్లు ఒకేసారి రోడ్డెక్కితే జనం అంగళ్లలోంచి బయటికొచ్చి చూస్తారు. మా ఊళ్లో కుక్క కూడా తల తిప్పలేదు. ఒక ఆటో డ్రైవరు బండి నెమ్మది చేసి "దర్శనం బాగా జరిగిందా సామీ?" అన్నాడు. లాడ్జి కుర్రాడొకడు మా వెంటపడి తెలుగులో, తరువాత తమిళంలో, ఆపైన హిందీలో రూము కావాలా అని అడిగాడు. (వాడు లాయరు ఇంటి పక్కవాడే. గుర్తుపట్టలేదు.) ఒక పెద్దామె ఆపి లడ్డూలేవి నాయనా అంది. నిరసనమ్మా అని లాయరు చెప్పబోతే, "ఏ మొక్కైతే ఏముందిలే, మంచే జరగతాది" అని దీవించి వెళ్లిపోయింది. కత్తెర ఇంటి దగ్గర వాళ్లమ్మ గుమ్మంలోనే కొడుకు తల తడిమి "క్యా హువా బేటా?" అని ఏడుపు మొహం పెట్టింది. పక్కింటి వాళ్లు మాత్రం, మన భాయి పిల్లోడు గూడా మొక్కుకున్నాడే అని తెగ మురిసిపోయారు. వాడు టోపీ పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని, ఎలా ఉంటే నిరసనలా కనిపిస్తుందని నన్ను అడిగాడు.

ఫోన్ బూతు నుంచి డెస్కుకు వార్త చెప్పాను. అవతల సబ్ ఎడిటరు శాంతంగా విన్నాడు.

"తిరుపతిలో గుండు కొట్టించుకుంటే వార్త ఎట్లయితాదప్పా? కొట్టించుకోకపోతే రాయి, వేస్తాం" అని ఫోన్ పెట్టేశాడు.

ఇక మిగిలింది గ్రౌండు. సాయంత్రం ప్రాక్టీసు జరుగుతుండగా గీత పక్కన చేతులు కట్టుకుని మౌనంగా వరసగా నిలబడ్డాం. గోడ సారు విజిల్ ఆపి మా వైపు వచ్చారు. నెల కిందట బాత్రూములో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. ఆ ఎడమ చేతికి వెదురు బద్దలతో వేసిన పుత్తూరు కట్టు ఇంకా అలాగే ఉంది. ఒక్కొక్క గుండునూ పరీక్షగా చూసుకుంటూ వచ్చి లాయరు ముందు ఆగారు.

"ఏందిరా ఇది?"

లాయరు చొక్కా సరిచేసుకున్నాడు. నిరసన అన్న మాట గొంతు దాకా రావడం మాకందరికీ కనిపించింది. కానీ బయటికి వచ్చింది మరొకటి. "మీ కోసమే సార్."

"నా కోసమా?" సారు తన చేతికట్టు వంక చూసుకున్నారు. "ఈ చెయ్యి కోసమా? నా కొడుకులు పుత్తూరు దాకా గూడా తోడు రాలేదు కదరా. బస్సులో ఒకడినే పోయొచ్చినా."

తరువాత కత్తెర ముందు ఆగి, "నువ్వు గూడానా నాయనా" అని వాడి తల మీద మంచి చెయ్యి వేశారు. వాడు అవునూ కాదూ కానట్టు తలాడించాడు. "మీకేం గావాలో అడగండిరా" అన్నారు సారు. అడగాల్సిన పేరు అక్కడికి కొన్ని అడుగుల దూరంలోనే ఉంది, వంగి బూటు తాడు కట్టుకుంటూ. కట్టిన తాడు విప్పి మళ్లీ కట్టుకుంటూ. ఎత్తొద్దని మాట తీసుకున్నాడు కదా. అందరం మా గుండ్లు తడుముకున్నాం. "ఏమీ అడగరు. ఇట్లాంటి పిల్లోళ్లు యాడ దొరకతారు" అంటూ సారు కళ్లు తుడుచుకుని మొహం తిప్పుకున్నారు.

మర్నాడు మా పత్రికలోనే, మరో కంట్రిబ్యూటరు రాసిన వార్త వచ్చింది: మేనేజర్ కోలుకోవాలని అభిమానుల మొక్కు. ఫోటో కూడా వేశారు. (పత్రికలో నా ఫోటో పడటం అదే మొదలు.) అది చదివి క్లబ్బు పెద్దలు సమావేశమై, ఇంత అభిమానం ఉన్న మేనేజరును ఉన్నంతకాలం కదిలించేది లేదని తీర్మానం చేశారు. ఆయన్ని దించడానికి బయలుదేరి కుర్చీకి మేకులు కొట్టి వచ్చామన్నమాట. ఆదివారం దాకా బుల్లెట్ మా మొహాలు చూడలేదు. నగరి నుంచి వాళ్ల నాయన కొత్త మగ్గం బేరమాడుతున్నట్టు కబురు మాత్రం వచ్చింది.

ఆదివారం వచ్చింది. పెద్దమనుషులిద్దరూ షామియానా కింద కూర్చున్నారు. మేము గట్టు మీద, తలలకు తువ్వాళ్లు చుట్టుకుని (గుండుకు ఎండ ఎంత కాలుతుందో కొట్టించుకున్నవాడికే తెలుసు) బుల్లెట్ వెనక్కి నడవడం చూస్తూ ఉన్నాం. అప్పుడు సారు పిలిచారు.

"రేయ్, యాడికి పోతాండావ్? ముందుకు పో. నీ వల్ల పిల్లోళ్ల నెత్తిన ఎంటికల్లేకుండా పోయినాయి."

నీ వల్ల! మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదని ప్రమాణాలు చేశారు. సెలూన్ అన్న మీద నాకు అనుమానం. అంటే ఆ సాయంత్రం ఆ కన్నీళ్లు ఏమిటి? సారు మొహంలో ఏమైనా తెలుస్తుందేమోనని చూశాను. ఆయన విజిల్ తుడుచుకుంటున్నారు.

ముందుకు వెళ్లిన బుల్లెట్ ఏం చేశాడయ్యా అంటే, ఏమీ చేయలేదు. పాపం, ఎప్పుడూ అక్కడ ఆడలేదు. బంతి వస్తే ఆఫ్‌సైడ్‌లో ఉండేవాడు. ఆఫ్‌సైడ్‌లో లేనప్పుడు బంతి రాదు. ఒకసారి గోల్‌పోస్టు ముందు ఒంటరిగా దొరికి, కొట్టిన బంతిని నేరుగా టూరిస్టు బస్సు అద్దానికి తగిలించాడు. కత్తెర కళ్లు మూసుకున్నాడు. హాఫ్ టైమ్ తరువాత చిత్తూరువాళ్లు మా మీద విరుచుకుపడ్డారు. అప్పుడు బుల్లెట్‌కు ఏమైందో తెలియదు, ఎవరూ చెప్పకుండానే గ్రౌండు ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెత్తుకొచ్చి మా గోల్ గీత మీద నుంచి బంతిని తన్నేశాడు. మళ్లీ ముందుకు వెళ్లనే లేదు. తలతో, మోకాలితో, ఒకసారి వీపుతో కూడా ఆపాడు. ముందుకు పోరా అని గట్టు మీద నుంచి మేము అరుస్తూనే ఉన్నాం. వాడు వినిపించుకోలేదు. సారు మాత్రం వాణ్ని మళ్లీ ముందుకు తోలలేదు. సున్నా సున్నా. పెద్దమనుషులు మజ్జిగ తాగి కారెక్కి వెళ్లిపోయారు.

కొన్ని వారాలకు బుల్లెట్‌కు ఉద్యోగం వచ్చింది, బ్యాక్‌గా. ఆ సాయంత్రం వాడు మా అందరినీ కావిలించుకుని, మీరు గుండు కొట్టించుకోకుంటే నాకీ ఉద్యోగం లేదన్నాడు. తరువాత వెళ్లి సారు కాళ్లకు దండం పెట్టి, మీరు వెనకాల ఆడించకుంటే నాకీ ఉద్యోగం లేదన్నాడు. రెండూ ఎలా నిజమవుతాయని లాయరు టీ కొట్టు దగ్గర చాలాకాలం వాదించాడు. నిరసన గెలిచిందా, ఓడిందా? డ్రా అన్నాడు కత్తెర. సారు మేనేజరుగానే ఉన్నారు, చివరిదాకా. ఆయనకు తెలిసి ఏడ్చారా, తెలియక ఏడ్చారా అన్నది అడగాలని ఎన్నోసార్లు వెళ్లాను. ప్రతిసారీ ఏదో ఒక బంతికి గాలి కొట్టి తిరిగొచ్చాను.

ఇప్పుడు క్లబ్బుకు కుర్ర మేనేజరు ఉన్నాడు. అందరినీ ముందుకే తోలుతాడు, అయిదు కొట్టి ఆరు తింటాడు. గట్టు మీద కుర్రాళ్లు ఈలలు వేస్తారు, నిద్రపోయేవాడు ఒక్కడూ లేడు. మొన్నొక ఆదివారం నేనూ వెళ్లి కూర్చున్నాను. మావాళ్లంతా ముందుకు ఉరికారు. వెనకాల ఖాళీ నేల, గోల్‌కీపర్ ఒక్కడు. అది చూస్తూ చూస్తూ లేచి నిలబడ్డాను. "రేయ్, వెనక్కి రండ్రా! ఒకడన్నా ఉండండ్రా ఆడ!" అని పెద్దగా కేక వినిపించింది. ఎవర్రా ఈ ముసలాయన అన్నట్టు కుర్రాళ్లంతా ఇటు తిరిగారు. నేను కూడా ఎవరా అని వెనక్కి తిరిగి చూశాను. నా వెనక ఎవరూ లేరు.