ఏసీ కింద రెండు తలల పాము

పామును చంపాలంటే కర్ర కావాలని మీరనుకుంటారు. అక్కర్లేదు, నాలాంటి దయగలవాడు ఒకడుంటే చాలు. ఖతార్‌లో, దుఖాన్ దగ్గర మా కూలీల క్యాంపులో నేనొక పామును ఎంత బాగా చూసుకున్నానంటే, అది చావుదాకా వెళ్ళింది.

పాము నాది కాదు, రాజన్నది. మా గదిలో అందరికన్నా పెద్దవాడు, జేసీబీ నడిపేవాడు. కాలువ తవ్వుతుంటే బయటపడిన రెండు తలల పామును చంపనివ్వకుండా తెచ్చి, పెయింట్ బకెట్లో ఇసుక పోసి పెంచాడు. దానికి విషం లేదు, కోపం లేదు. మా మేస్త్రీల్లో కూడా అంత మంచివాళ్ళు లేరు. బకెట్ గది వెనక రేకు కింద ఉండేది. అప్పుడప్పుడూ ఒక బల్లి దాని భోజనం.

రాజన్నకు కాలేయం చెడిపోయింది. కంపెనీ ఇంటికి పంపేసింది. వెళ్ళేముందు బకెట్ నా చేతికిచ్చాడు.

"పైలం తమ్మీ. ఈడ నాకంటూ ఉన్నది ఇదొక్కటే."

అంత మాట అన్నాక దాన్ని రేకు కింద వదిలేస్తానా? మీరైతే వదిలేస్తారా? పొద్దంతా ఎండలో ఇనుము మోసే మాకు ఏసీ కింది మంచమే స్వర్గం. ఆ మంచం నాది. దాని పక్కనే, గాలి సూటిగా తగిలేచోట బకెట్ పెట్టాను. పక్క మంచం పోశెట్టి ఎన్నాళ్ళుగానో అడుగుతున్నా అతనికివ్వని చోటది.

పాము తిండి మానేసింది.

జగిత్యాల దగ్గరి ఊరి నుంచి రోజూ రాజన్న ఫోన్.

"తిన్నదా?"

"మాఫీ అన్నా, తినలే."

"బల్లి పెద్దగున్నదేమో. చిన్నది వెట్టు."

చీపురు పట్టుకుని స్నానాల గదుల్లో బల్లుల వెంట పరుగెత్తాను. ఒంటినిండా సబ్బుతో ఉన్న నేపాలీ అతను నన్ను చూసి తలుపు గడియ పెట్టుకున్నాడు. చిన్న బల్లిని తెచ్చి వేస్తే పాము కదల్లేదు. బల్లి మాత్రం బకెట్లో కాపురం పెట్టింది.

"నాగుల పంచమికి మనమేం పోస్తం? పాలు వొయ్యి," అన్నాడు పోశెట్టి.

చాయ్ కోసం తెచ్చిన డబ్బా పాలు పోశాను. ఇసుక ముద్దయింది. పాము మూలకు పోయింది.

"డబ్బా పాలు గదా, గుర్తు పట్టలే," అన్నాడు పోశెట్టి.

పాపం ఇంకా ఉక్కగా ఉందేమోనని ఏసీ మరింత పెంచాను.

ఒకరోజు ఫోన్ రాజన్న భార్య, మా వదినె చేసింది.

"ఆయన గూడ ఏం తింటలేడు తమ్మీ. పాము తిన్నదా అని అడుగుడే. అది తిన్నదంటే ఆయనకు జర పాణం లేచొస్తది."

నాకు భయమేసింది. అబద్ధం చెబుదామంటే రాజన్న వీడియోలో చూపించమన్నాడు. చూపించాను. అతను పామును చూడలేదు.

"పోశెట్టి మంకీటోపీ ఎందుకు వెట్టుకున్నడు?"

"ఏసీ పద్దెనిమిదిల ఉన్నదన్నా. నీ పాము కోసమే."

రాజన్న దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"ఓరి పిచ్చోడా, అది ఇసుకల పుట్టింది. సలికి సస్తున్నది. బయట వెచ్చగ వెట్టు." ఆపై గొంతు తగ్గించాడు. "నా కత గూడ గంతే తమ్మీ. గల్ఫ్ నుంచి అచ్చినోడు సల్లగాలి లేకుంటే ఉండలేడని మీ వదినె కూలర్ కొన్నది. ముఖం మీదికే వెట్టింది. అంత ముచ్చటగ కొన్నది, బంద్ చెయ్యమని ఎట్ల జెప్పాలె?"

"వదినెకు ఫోనియ్యన్నా," అన్నాను. "వదినే, కూలర్ బంద్ చెయ్యి. దుప్పటి గప్పు."

ఇసుక మార్చి బకెట్‌ను మళ్ళీ రేకు కింద పెట్టాను. కొన్నాళ్ళకు పాము బల్లిని మింగింది. ఆ కబురు విని రాజన్న గిన్నెలో సగం జొన్నగట్క తాగాడట. నేనేదో పెద్ద డాక్టర్నైనట్టు ఆ రోజంతా తిరిగాను.

కానీ కాలేయం దుప్పటి మాట వినదు. వానలు మొదలయ్యే వేళకు రాజన్న పోయాడు. నాకు సెలవు దొరకలేదు. పామును వెచ్చని ఇసుకలో వదిలేసి, అక్కడే కూర్చుని ఏడ్చాను.

దినాలయ్యాక వదినెకు ఫోన్ చేశాను.

"సలి పెడుతున్నదని ఒక్కమాట అనకపాయె తమ్మీ. సల్లగుంటడని వెట్టిన," అని ఏడ్చింది.

నాకు ఓదార్చడం రాదు. "నేను పామును గట్లనే చేసిన వదినే. పోశెట్టిని గూడ," అన్నాను. ఏడుస్తూనే ఆమె నవ్వింది.

కాబట్టి పంచభూతాల సాక్షిగా, అందులోనూ వాయువు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా ప్రేమను ఇకమీదట ఎవరి ముఖం మీదికీ తిప్పను. ముందు అడుగుతాను. మొహమాటపడితే ఇంకోసారి అడుగుతాను.